మోకాలి ల్యాబుకు పంపే పిల్లలకు ఒక్క కొలతైనా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ లెటర్ల హడావిడి మొదలవుతుంది. ఫిజియోథెరపీ, బయోమెడికల్, మెకానికల్ చదివే పిల్లల్లో కొందరు మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే కట్టు) గాయాల మీద పరిశోధన జరిగే ల్యాబులు వెతుక్కుని చెన్నై, తిరుపతి, హైదరాబాద్ వెళ్తున్నారు. వెళ్లాల్సిందే. కానీ తిరిగొచ్చాక వాళ్లిచ్చే రిపోర్టుల్లో మెషీన్ల ఫొటోలుంటాయి, పుస్తకాల్లోంచి దించిన మోకాలి బొమ్మలుంటాయి, తమ చేత్తో తీసిన కొలత మాత్రం ఒక్కటీ ఉండదు. ఎనిమిది వారాల్లో పది మెషీన్లు చూపించేకన్నా ఒక్క కొలతను నలుగురూ నమ్మేలా తీయడం నేర్పితే చాలని మా గట్టి అభిప్రాయం. కాలేజీల వాళ్లు, ల్యాబుల వాళ్లు, ఫీజు కట్టి పంపే తల్లిదండ్రులు కూడా దీన్ని పట్టించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఈ గాయం మన ప్రాంతానికి కొత్త కాదు. సంక్రాంతి కబడ్డీలో కూతకెళ్లిన కుర్రాడి చీలమండ పట్టేస్తారు. పాదం నేలకు అతుక్కుని ఉండగానే ఒళ్లు గీత వైపు తిరుగుతుంది. మోకాలి లోపల టప్పుమంటుంది. రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బిపోతుంది. నీరు పట్టిందనుకుంటారు గానీ చాలాసార్లు అది లోపల కారిన రక్తం. ఎక్స్‌రే తీస్తే ఎముకలు బాగానే ఉంటాయి, లిగమెంట్ ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి. నరం పట్టిందని పుత్తూరు కట్టు కట్టించుకుని, వాపు తగ్గగానే మళ్లీ బరిలోకి దిగుతారు. ఆ తర్వాత మలుపు తిరిగినప్పుడల్లా మోకాలు పట్టు తప్పుతుంది, పట్టు తప్పినప్పుడల్లా ఎముకల మధ్యలో మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. బైకు మీంచి పడ్డవాళ్లలోనూ ఇదే వరస.

తెగేది ఎక్కువగా అందరూ ఏసీఎల్ అనే ముందు క్రూసియేట్ లిగమెంట్. మూడు సెంటీమీటర్ల పైచిలుకు పొడవుండే ఈ కట్టు, కింది కాలి ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచుతుంది. దాని బలం ఎంత అన్న ప్రశ్నకు 1991లో అచ్చయిన ఒక అధ్యయనాన్ని ఇప్పటికీ చూపిస్తారు. దానం చేసిన మృతదేహాల మోకాళ్లను లాగి చూస్తే 22 నుంచి 35 ఏళ్ల వాళ్ల లిగమెంట్ సగటున 2160 న్యూటన్ల దగ్గర తెగింది. అంటే సుమారు 220 కిలోల బరువు. 60 దాటిన వాళ్లలో అది 658 న్యూటన్లే. విద్యార్థులు ఈ రెండు అంకెలూ బట్టీ పడతారు. అదే అధ్యయనంలో లిగమెంటును దాని సహజమైన వాలులో కాకుండా వేరే దిశలో లాగినప్పుడు తక్కువ బలానికే తెగిందన్న సంగతి ఎవరూ చదవరు. ఏ దిశలో లాగారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకోవాల్సింది ఇలాంటి సంగతులే.

లాగుడు పరీక్ష నేర్వడానికి మనిషి మోకాలు అక్కర్లేదు, మేక మోకాలు చాలు. మాంసం కొట్టు వాళ్లకు ముందురోజే చెప్పుకోవాలి. లేకపోతే అలవాటు కొద్దీ కీలు మీదే కత్తి వేస్తారు. కీలుకు పైనా కిందా ఎముక ఏడెనిమిది సెంటీమీటర్లు మిగలాలి. తెచ్చిన రోజే పరీక్ష చేయలేకపోతే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ చుట్టి, గాలి చొరని కవర్లో పెట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచాలి. ముందురోజు రాత్రి తీసి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే మెల్లగా కరుగుతుంది. తొందరపడి వేడినీళ్లలో ముంచితే లిగమెంటుకు బలమిచ్చే కొలాజెన్ ప్రొటీన్ పాడవుతుంది. కండ, కీలు సంచి, పక్క లిగమెంట్లు, మెనిస్కస్, వెనక క్రూసియేట్ అన్నీ కోసి తీసేసి రెండు ఎముకల మధ్య ఏసీఎల్ ఒక్కటే మిగల్చాలి. మొదటిసారి చేసేవాళ్లు వెనక లిగమెంటును కోస్తూ బ్లేడు మొన ముందుదానికి తగిలిస్తారు. కంటికి కనపడని ఆ గాటు దగ్గరే తర్వాత తెగుతుంది, మేక లిగమెంట్ బలహీనమని రిపోర్టులో రాస్తారు.

ఎముక చివర్లను పైపు ముక్కల్లో నిలబెట్టి, పోశాక గట్టిపడే జిగురు లాంటి రెజిన్ పోస్తాం. పోసే ముందు ఎముకకు అడ్డంగా రెండు స్క్రూలు దిగ్గొట్టకపోతే లాగినప్పుడు ఎముక రెజిన్‌లోంచి ఊడొస్తుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి లిగమెంట్ చుట్టూ తడిగుడ్డ ఉండాలి. ఇక మే నెలలో మన ఫ్యాను కింద పెడితే పది నిమిషాలకే పైపొర ఎండి అట్టకట్టినట్టవుతుంది. ఎండిన లిగమెంట్ బిరుసెక్కి తప్పు అంకె ఇస్తుంది. పక్కన ఒకరు సెలైన్ స్ప్రే పట్టుకుని నిలబడాలి. ఆ పని చిన్నదని ఏ విద్యార్థీ అనుకోకూడదు.

మెషీన్‌కు బిగించాక బలం కొలిచే లోడ్ సెల్‌ను సున్నాకు తేవాలి, కొద్దిపాటి బలంతో వదులు తీసేయాలి, తక్కువ బలంతో పదిసార్లు లాగి వదలాలి. మొదటి లాగుడుకూ పదో లాగుడుకూ గ్రాఫులో తేడా కనపడుతుంది. ఆ తర్వాతే తెగేదాకా లాగాలి, ఎంత వేగంతో లాగారో రాసుకోవాలి. గ్రాఫు మొదట్లో చదునుగా లేచే వంపు లిగమెంట్ దారాల ముడతలు సాగుతున్న దశ. తర్వాత వచ్చే నిటారు గీత వాలే దాని బిగువు. గీతలో రంపపు పళ్లలాంటి గాట్లు కనపడితే పట్టు జారుతోందేమో చూడాలి. ఎముక, రెజిన్ కలిసే చోట ముందే మార్కర్ పెన్నుతో గీత గీసి ఉంచితే జారిందీ లేనిదీ తేలిపోతుంది. ఇంకో మోసం ఉంది. కొట్లో దొరికేది చాలావరకు లేత మేక. దాని ఎముక చివర పెరుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది, లిగమెంట్ తెగకముందే ఎముక అక్కడ విడిపోతుంది. మెషీన్ మాత్రం ఒక అంకె చూపిస్తుంది. ఎక్కడ తెగిందో చూసి, ఫొటో తీసి, ఆ అంకె పక్కన రాసేవాడే పనికొచ్చే ఇంటర్న్. మిగిలిన మాంసం, బ్లేడ్లు ల్యాబు వ్యర్థాల నిబంధన ప్రకారమే పోవాలి, మామూలు చెత్తడబ్బాలోకి కాదు.

ఆటగాళ్ల నడక, దూకుడు కొలిచే ల్యాబులో పని వేరు, జాగ్రత్త ఒకటే. 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి రెండు కాళ్లతో దిగి వెంటనే పైకి ఎగరమంటారు. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అని చూస్తారు. తుంటి, మోకాలు, చీలమండ దగ్గర వెలుగును తిప్పికొట్టే 14 మిల్లీమీటర్ల గోళీలు అంటించి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో సెకనుకు 200 ఫ్రేములు పట్టుకుంటారు. కింద ఫోర్స్ ప్లేటు సెకనుకు వెయ్యిసార్లు బలం రాసుకుంటుంది. అంకెలన్నీ కంప్యూటరే ఇస్తుంది కాబట్టి నిజమే అయి ఉంటాయనుకోవడం పెద్ద పొరపాటు. మోకాలి బయటివైపు ఎముక గుబ్బ మీద పెట్టాల్సిన గోళీని ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో పెడితే కీలు ఇరుసు తిరిగిపోతుంది. అప్పుడు మోకాలు మామూలుగా మడిచినా పక్కకు వాలినట్టు గ్రాఫు చూపిస్తుంది. పసిగట్టే దారి ఉంది. మోకాలి మడతా, పక్క వాలూ ఒకే ఆకారంలో కలిసి లేచి కలిసి పడుతుంటే గోళీ స్థానాన్ని అనుమానించాలి. చెమట పట్టిన చర్మం మీద టేపు నిలవదు. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించాలి. అంకెల్లోని అదురు తీసేసే ఫిల్టరు కెమెరా లెక్కలకు ఒకటి, ఫోర్స్ ప్లేటు లెక్కలకు మరొకటి వాడితే పాదం నేల తాకిన క్షణంలో లేని బలం ఉన్నట్టు ముల్లు లేస్తుంది. రెంటికీ ఒకే కటాఫ్ (ఎంత వేగపు అదురు దాకా ఉంచాలన్న హద్దు) పెట్టాలి.

ఫోన్ వీడియోతో సరిపెట్టుకునేవాళ్లకు ఒక లెక్క. ఆటల్లో గాయపడ్డ క్షణాల వీడియోలను విశ్లేషించిన పరిశోధకులు, పాదం నేల తాకాక సుమారు 40 మిల్లీసెకన్లలోనే లిగమెంట్ తెగుతున్నట్టు అంచనా వేశారు. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. అసలు సంగతి ఒక్క ఫ్రేములో దాటిపోతుంది. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్లు. కెమెరా స్టాండు మీద, మోకాలి ఎత్తులో, ఎదురుగా ఉండాలి. చేత్తో పట్టుకుని పక్కనుంచి తీసిన వీడియోలో కోణం కొలవడం దండగ.

ఆపరేషన్ అయిన వాళ్ల మీద చేసే కొలతల్లో మరింత బాధ్యత ఉంటుంది. ఒంటికాలి గెంతులో మూడుసార్లు దూకించి సగటు తీస్తారు. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడితేనే ఆ గెంతు లెక్క. బాగున్న కాలు 135 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలు 108 అయితే 80 శాతం. 90 దాటితే ఆటకు దగ్గరపడ్డట్టు చెబుతారు. కానీ నెలల తరబడి ఆట మానేస్తే బాగున్న కాలు కూడా నీరసిస్తుంది, శాతం ఉత్తినే పెరిగి కనపడుతుంది. వీలుంటే గాయమైన కొత్తలో, ఆపరేషన్‌కు ముందే, బాగున్న కాలి అంకె తీసి ఉంచుకోవాలి. 2016లో అచ్చయిన ఓస్లో, డెలావేర్ పరిశోధకుల అధ్యయనంలో తొమ్మిది నెలల వరకూ ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగం తగ్గింది. ఇంటర్న్ టేపు వదులుగా పట్టుకుని నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే, ఆ కాగితం చూసి ఒక ఆడపిల్ల నెల ముందే ఆట కోర్టులోకి దిగొచ్చు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. కొన్ని ఆటల్లో ఈ గాయం వాళ్లకే ఎక్కువ, అందుకని వాళ్లను కొలవాల్సిన అవసరమూ ఎక్కువ. గోళీలు అంటించేది ఆడ విద్యార్థే కావాలి, తెర ఉండాలి, బిగుతు షార్ట్స్ ల్యాబే ఇవ్వాలి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుదలా తీసుకోవాలి. వీడియో ల్యాబు కంప్యూటరు దాటి ఇంటర్న్ ఫోన్లోకి, వాట్సాప్‌లోకి పోకూడదు. పేరు బదులు కోడ్ నంబరే రాయాలి. మనుషుల మీద కొత్త పరిశోధన మొదలుపెట్టాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు రావాలి, అది ఎనిమిది వారాల్లో తెమిలే పని కాదు. కాబట్టి సొంత టాపిక్ కావాలని పట్టుబట్టకుండా, అప్పటికే అనుమతి ఉన్న అధ్యయనంలో ఒక ముక్క పని అడిగి తీసుకోవడం తెలివైన పని.

ల్యాబుకు రాసే మెయిల్లో మీ గొప్ప సంస్థలో చేరాలని ఉంది అన్న వాక్యాలు తీసేయండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఖాళీ, ఇప్పటికే ఏం కొలిచారు, ఎన్నిసార్లు కొలిస్తే ఎంత తేడా వచ్చింది, ఇవి రాస్తే చాలు. అది రాయగలగాలంటే ఊళ్లోనే సాధన చేయాలి. కొన్ని వందల రూపాయల గోనియోమీటరు (కీలు కోణం కొలిచే పరికరం), ఒక టేపు, వడ్రంగి చేసిన 30 సెంటీమీటర్ల పెట్టె, కాలేజీలో ఖాళీగా ఉన్న ఒక గది ఉంటే చాలు. గోనియోమీటరు మధ్య బిందువు మోకాలి బయటి గుబ్బ మీద, ఒక చేయి తుంటి గుబ్బ వైపు, రెండోది చీలమండ బయటి గుబ్బ వైపు పెట్టాలి. ఒకే మోకాలిని ఇద్దరు విద్యార్థులు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కొలిస్తే ఐదు డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. ఆ తేడా తగ్గేదాకా సాధన చేసి అప్పుడు రైలెక్కండి.

కాలేజీల వాళ్లకు మా మనవి ఒక్కటే. ఎనిమిది వారాలను మధ్యలో పరీక్షలతో, క్లాసులతో ముక్కలు చేయకండి. రిపోర్టులో మొదటి పేజీ నుంచీ ముడి అంకెల పట్టిక అడగండి, చెడిపోయిన కొలతలు కొట్టేయకుండా ఎందుకు చెడిపోయాయో రాయించండి. వైవా రోజు గోనియోమీటరు, టేపు బల్ల మీద పెట్టి, పక్క విద్యార్థి మోకాలిని మూడుసార్లు కొలిచి చూపించమనండి. ఐదు నిమిషాలు పడుతుంది.

ఇట్లు,
ఫిజియోథెరపీ, బయోమెకానిక్స్ బోధించే కొందరు అధ్యాపకులు,
నెల్లూరు.