ఫ్యూజు చోట బల్బు పెట్టు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. నీ పాత కారు లైట్ల స్విచ్ మొదటి మెట్టుకు తిప్పగానే పార్కింగ్ లైట్ల ఫ్యూజు పోతోందనీ, ఇప్పటికే మూడు మార్చాననీ, ఈసారి 20 ఆంపియర్లది వేసి చూస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చేయకురా. లెక్క నువ్వే చూడు. నాలుగు మూలలా నాలుగు 5 వాట్ల బల్బులు, నంబరు ప్లేటుకు ఒకటో రెండో, డ్యాష్‌బోర్డు మీటర్ల వెనక చిన్నవి కొన్ని. అన్నీ కలిపినా 35, 40 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు దానికి మూడింతలు. అది నిలవడం లేదంటే ఎక్కడో వైరు కారు బాడీకి తగులుతోందన్నమాట, అదే షార్టు. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరే. కట్టలో దాన్ని ఆనుకుని ఉన్న వైర్ల తొడుగులు కూడా కరుగుతాయి. అప్పుడు ఒక షార్టు పోయి పది వస్తాయి.

పోయిన ఫ్యూజులు పారేయలేదు కదా? నీది గాజు గొట్టం రకమైతే వెలుతురుకు ఎత్తి చూడు. లోపల గాజంతా నల్లగానో, వెండి పూత పూసినట్టో ఉంటే నేరుగా షార్టు. గాజు తేటగా ఉండి తీగ మధ్యలో మాత్రం కరిగి తెగి ఉంటే అది నెమ్మదిగా కాలిన ఫ్యూజు, అంటే అధిక లోడు. వైపర్ మోటారో బ్లోయరో బిగుసుకుపోతే అలా అవుతుంది, అదీ కొన్ని నిమిషాల తర్వాత. నీది స్విచ్ వేసిన క్షణంలోనే పోతోంది కాబట్టి మోటార్ల జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. ఫ్యూజులు కొని కాల్చడం ఆపి, ఫ్యూజు ఉండే చోట ఒక బల్బు పెట్టు. బ్రేకు లైటుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, దాని హోల్డరు, రెండు వైర్లు, చివర రెండు క్లిప్పులు. అంతే సరంజామా. ఫ్యూజు కూర్చునే రెండు కొసలకు రెండు క్లిప్పులు తగిలించు. ఎంత గట్టి షార్టున్నా ఆ బల్బు వెలిగాక దాని గుండా సుమారు 1.75 ఆంపియర్లకు మించి పోదు, కాబట్టి వైరుకు ఏమీ కాదు. షార్టు ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, షార్టు విడిపోయిన క్షణంలో ఆరిపోతుంది. నువ్వు డిక్కీలో తల దూర్చి వైరు కదిపినా ఆ వెలుగు కనబడేలా వేలాడదీసుకో. కార్పెట్ మీద, ప్లాస్టిక్ మీద మాత్రం ఆనించకు, నిమిషాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

దానికి ముందు ఆ సర్క్యూట్లోని బల్బులన్నీ హోల్డర్లలోంచి పీకెయ్. ఇది మరిచిపోయి చాలామంది దారి తప్పుతారు. చల్లగా ఉన్న ఫిలమెంటు, అంటే బల్బు లోపలి తీగ, నిరోధం వెలుగుతున్నప్పటి దానిలో పదో వంతు కూడా ఉండదు. అందుకే మీటరు పెట్టి చూస్తే మంచి బల్బు కూడా షార్టులాగే కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డులోని చిన్న బల్బులు తీయడం కష్టమైతే వదిలెయ్. వాటివల్ల టెస్టు బల్బు మినుకుమంటుందే తప్ప నిండుగా వెలగదు. అనుమానమొస్తే టెస్టు బల్బు రెండు కొసల మధ్య వోల్టేజీ కొలువు. బ్యాటరీ వోల్టేజీ మొత్తం అక్కడే పడుతుంటే నేరు షార్టు, 8, 9 వోల్టులే ఉంటే ఎక్కడో ఇంకా బల్బులు మిగిలున్నాయని.

ఇక వరసగా విడదీస్తూ పో. స్విచ్ ఆపి ఉన్నా బల్బు వెలుగుతోందంటే తప్పు ఫ్యూజుకీ స్విచ్‌కీ మధ్యే. స్విచ్ వేశాకే వెలిగితే అటు తర్వాత. పాత బళ్లలో కొన్నిటికి ఫ్యూజు స్విచ్ తర్వాత ఉంటుంది, ముందు అది తేల్చుకో. తర్వాత వెనక్కి పోయే వైరింగ్ కప్లర్ (రెండు వైర్ల కట్టలను కలిపే ప్లగ్గు) విప్పు, అది సాధారణంగా డ్రైవరు వైపు గుమ్మం పట్టీ కిందో, వెనక సీటు కిందో దొరుకుతుంది. విప్పగానే బల్బు ఆరితే తప్పు వెనక సగంలో, వెలుగుతూనే ఉంటే ముందు సగంలో. మళ్లీ ఆ సగాన్ని రెండు చెయ్యి. నాలుగైదు కప్లర్లు విప్పేసరికి మీటరు పొడవు వైరు దగ్గరికి వచ్చేస్తావు. టేపంతా విప్పి కట్ట మొత్తం బయటికి లాగొద్దు. గట్టిపడ్డ పాత తొడుగు అలా లాగితేనే పగులుతుంది.

అక్కడికి వచ్చాక చేత్తో పట్టుకుని కట్టను జానెడు జానెడు కదుపుతూ బల్బు వైపు చూడు. ఒక్కసారి మిణుక్కుమన్నా ఆగు, అదే చోటు. మొదట డిక్కీ మూత బిజాగిరీ దగ్గర చూడాలి. నంబరు ప్లేటు వైరు మూత తెరిచినప్పుడల్లా అక్కడే వంగుతుంది, రబ్బరు గొట్టం లోపల తొడుగు తెగి రాగి బయటపడుతుంది. పైకి గొట్టం బాగానే ఉంటుంది, వెనక్కి లాగితేనే కనబడుతుంది. తర్వాత రేకు కన్నాల్లో వైరు దూరే చోట్లు. కన్నానికి తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్, ఎండి రాలిపోతే రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోయే వైర్లు, సీటు పట్టాల కింద నలిగేవి, ఆ తర్వాత ఎవరో బిగించిన స్పీకరు స్క్రూ వైరులోంచి దిగడం, ఎలుకలు కొరకడం. నా అనుభవం మాటేమిటంటావేమో, లెక్క ఇదే: కంపెనీ వేసిన వైరు సొంతంగా చెడేది తక్కువ, రుద్దుకునే చోటా, తర్వాత అతికించిన చోటా చెడేదే ఎక్కువ.

టెయిల్ ల్యాంపు హోల్డరు కూడా వదలకు. 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బు ఉండాల్సిన చోట అడుగున ఒకే కాంటాక్టు చుక్క ఉన్న బల్బు బలవంతంగా తోస్తే ఆ చుక్క రెండు కాంటాక్టులనూ కలిపేస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు వెలుగుతాయి. హోల్డరు ఎర్త్ తుప్పు పట్టినా దాదాపు ఇలాగే వింతగా ఉంటుంది, కానీ దానికి ఫ్యూజు పోదు.

మీటరుతో ఓమ్స్ చూసి షార్టు ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. కుదరదు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరు పొడవుకి 0.017 ఓములే. ఐదు మీటర్లకు కూడా 0.1 దాటదు. మామూలు మీటరు వైర్లకే 0.2, 0.3 ఉంటుంది. దానికంటే చిన్న దిక్సూచి నయం. టెస్టు బల్బు వెలుగుతుండగా వైరు వెంట, ముల్లు వైరుకు సమాంతరంగా ఉండేలా, వీలైనంత దగ్గరగా పట్టుకుని స్విచ్ వేసి తీయించు. కరెంటు పోతున్నంత మేరా ముల్లు ఉలిక్కిపడుతుంది, షార్టు దాటాక కదలదు. రేకు వల్ల ముల్లు ఉత్తరం వదిలి ఎటో చూపిస్తుంది, దాన్ని పట్టించుకోకు, ఆ ఉలికిపాటునే చూడు. కార్పెట్ ఎత్తకుండానే చోటు తెలుస్తుంది.

దొరికాక బ్యాటరీ నెగటివ్ ముందు విప్పి అప్పుడు కత్తెర పట్టు. రాగి పచ్చబడి ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోసి, అదే మందం వైరు ముక్క వేసి అతుకు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్‌ని (వేడి తగిలితే కుంచించుకుని వైరును పట్టేసే గొట్టం) ముందే ఎక్కించుకో, అతికాక గుర్తొస్తే మళ్లీ కోయాలి. 8, 10 మిల్లీమీటర్లు తొడుగు ఒలిచి సరైన పట్టుకారుతో క్రింప్ చేయడమే, అంటే లోహపు గొట్టంలో నొక్కి బిగించడమే, నాకు ఇష్టం. టంకం పారిన చోట తీగ బిరుసెక్కి, అదిరే చోట దాని అంచునే తెగుతుంది. బిజాగిరీ దగ్గరైతే అతుకు వంగే చోట రాకుండా ఇంకాస్త పొడవు ముక్క వెయ్యి. వట్టి టేపు చుట్టి వదిలేయకు, వేడికి జిగురు కారి ఊడిపోతుంది. రేకు కన్నానికి కొత్త గ్రోమెట్ తప్పనిసరి, లేకపోతే అదే అంచు మళ్లీ కోస్తుంది.

టెస్టు బల్బు పూర్తిగా ఆరాక పీకిన బల్బులన్నీ పెట్టి, ఫ్యూజు చోట మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కొలువు. 3 ఆంపియర్ల చుట్టూ వస్తే 10 ఆంపియర్ల ఫ్యూజు వేసి, లైట్లు వెలుగుతుండగా డిక్కీ మూత పదిసార్లు తెరిచి మూయి.

మరొక్క మాట, పాత బళ్లలో బ్యాటరీ నుంచి స్విచ్ దాకా వచ్చే లావు వైరుకు కొన్నిటికి ఫ్యూజే ఉండదు. అటువైపు పని పడితే బ్యాటరీ విప్పకుండా చెయ్యి పెట్టకు. ఎయిర్‌బ్యాగుల పసుపు కప్లర్లుంటే వాటికీ, కంప్యూటరుకు పోయే వైర్లకూ ఈ 21 వాట్ల బల్బు తగిలించకు.

వెనక కప్లర్ విప్పగానే బల్బు ఆరిందో లేదో వెంటనే రాయి. దాన్ని బట్టి తర్వాత ఏది విప్పాలో చెబుతాను.

నీ
మిత్రుడు