క్షతగాత్ర సైనికులకు ముందు వరుస

సంపాదకులకు నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలోని కథలో ఒక కల్పిత యోధజాతి తన క్షతగాత్రుల భుజానికి ఎర్రపట్టీ కట్టి, సభలో వారికే ముందు పీట వేయడం నన్నెంతో కదిలించింది. బ్రిటిష్ సైన్యం 1916లో గాయపడినవారి కోటు ఎడమ చేతిపై నిలువు జరీపట్టీ కుట్టించే ఆచారం మొదలుపెట్టింది. మన సైన్యంలో శత్రువు దాడిలో గాయపడినవారికి పరాక్రమ పదకం ఇస్తారు. సాహస పతకాల కంటే దీన్ని తక్కువగా చూడడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే ఇది దేహం చెల్లించిన మూల్యానికి గుర్తు. మా వీధిలోని మాజీ జవాను ఒకరు కృత్రిమ పాదంతో, చేతికర్ర ఊతంగా, పింఛను పత్రాల కోసం గంటలకొద్దీ నిలబడుతుంటే పక్కకు జరిగి చోటిచ్చేవారే కనబడరు. ఆగస్టు 15న శ్రీకాకుళంలో జరిగే జెండా వందనంలో ఈ పదకధారులను పేరుపేరునా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా