గూడ్స్ యార్డుల్లో రిటార్డర్ బోల్టుల్ని కూడా బ్రేకులో భాగంగానే చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

రైల్వే సేఫ్టీ అనగానే పేపర్లలో సిగ్నళ్లు, లెవెల్ క్రాసింగులు, పట్టా విరగడాలు, డ్రైవర్ల డ్యూటీ గంటలు ఇవే వస్తాయి, రావాల్సిందే, కాదనను. కానీ గూడ్స్ యార్డు లోపల జరిగే పని గురించి రాసేవాళ్లు చాలా తక్కువ, అందులోనూ అక్కడి బ్రేకుల్ని నేలకి పట్టి ఉంచే బోల్టుల గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడవైనా వేస్తారని ఆశ.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. హంప్ యార్డులో ఇంజన్ వ్యాగన్లని హంప్ అనే ఒక చిన్న గుట్ట మీదికి నెడుతుంది, పైన కప్లింగ్ ఊడదీస్తారు, అక్కడినుంచి వ్యాగన్ తన బరువుతో తానే కిందికి దొర్లుకుంటూ ఏ లైన్‌లోకి వెళ్లాలో ఆ లైన్‌లోకి వెళ్తుంది. ఆ వ్యాగన్‌లో డ్రైవర్ ఉండడు, దాని వేగం తగ్గించేది పట్టాల పక్కన బిగించిన రిటార్డర్, అంటే చక్రాన్ని రెండు వైపులా పొడవాటి ఇనప దుంగలతో నొక్కి పట్టుకునే బ్రేకు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని గిబ్సన్ యార్డులో 1924లో ఇలాంటివి పెట్టారు, అంతకుముందు మనుషులే వ్యాగన్ల మీదెక్కి చేతి బ్రేకులు తిప్పేవాళ్లు, ఎంతమంది కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారో. కాబట్టి రిటార్డర్ ప్రాణాలు కాపాడే వస్తువు, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు, నా బాధంతా దాన్ని బిగించే పద్ధతి మీదే.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 100 టన్నుల వ్యాగన్ గంటకి 20 కిలోమీటర్ల వేగంతో లోపలికొచ్చి 5 కిలోమీటర్లతో బయటికి పోవాలంటే దాదాపు 14.5 లక్షల జౌళ్ల శక్తిని ఆ బ్రేకు మింగాలి, రిటార్డర్ పొడవు 15 మీటర్లు అనుకుంటే వాలు సంగతి కలపకుండానే సగటున 10 టన్నుల దాకా తోపు పడుతుంది. ఆ తోపు ఎక్కడికి పోతుంది? రిటార్డర్ ఫ్రేమ్‌లోంచి బోల్టుల్లోకి, బోల్టుల్లోంచి స్లీపర్లలోకి, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగల్లోకి, అక్కడినుంచి కంకరలోకి. అదీ ఒక్కసారి కాదు, వ్యాగన్ వెనక వ్యాగన్, పగలూ రాత్రీ.

ఇక్కడ చాలామంది అనుకునేది ఏంటంటే బోల్టు గట్టిగా బిగిస్తే చాలు, లూజైతే మళ్లీ బిగిస్తే సరిపోతుంది అని. కానీ బోల్టు కంటే దాని రంధ్రం ఎప్పుడూ కొంచెం పెద్దగానే ఉంటుంది, బిగింపు చాలకపోతే బ్రేకు పడ్డప్పుడు ఫ్రేమ్ ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది, ఈ అడ్డ కదలికే నట్టుని మెల్లమెల్లగా విప్పేస్తుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లోనే ఇది పరీక్ష చేసి చూపించాడు, బోల్టు పొడవు దిక్కున వచ్చే అదురు కన్నా అడ్డంగా వచ్చే జారుడే నట్టుని ఎక్కువ విప్పుతుందని. ఇన్నేళ్లైనా చాలా చోట్ల నట్టు కింద ఒక స్ప్రింగ్ వాషర్ వేసి పనైపోయింది అనుకుంటున్నారు. అలాంటి జారుడు ముందు స్ప్రింగ్ వాషర్ దాదాపు ఏమీ ఆపలేదు, జర్మనీలో ఆ వాషర్ల స్టాండర్డ్‌నే వెనక్కి తీసుకున్నారు.

అందుకని నేను అడిగేది, ముందు ఆ జారుడునే ఆపండి అని. ఫ్రేమ్ ముందుకి తోసే బలాన్ని బోల్టు మెడ మీద వెయ్యకుండా స్లీపర్ ప్లేటుకి వెల్డ్ చేసిన గట్టి స్టాపర్ మీదో కీ (జరక్కుండా అడ్డుపెట్టే ఇనప ముక్క) మీదో పడేలా చేస్తే బోల్టుకి ఒక్కటే పని మిగులుతుంది, కిందికి నొక్కి పట్టడం. దాని మీద ఏటవాలు పళ్లతో ఒకదానిలో ఒకటి కూర్చునే రెండు ముక్కల వెడ్జ్ వాషర్లు వాడితే నట్టు తిరగాలన్నా ముందు బోల్టుని ఇంకా సాగదీయాల్సి వస్తుంది కాబట్టి తిరగదు. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు కూడా చెప్తుంటారు గానీ చక్రాన్ని నొక్కే బ్రేకు షూ దగ్గర వేడి బాగా ఉంటుంది, అక్కడ నైలాన్‌ని నమ్మొద్దు. పొట్టి బోల్టు కన్నా పొడవాటి బోల్టు మేలు, ఎందుకంటే అది ఎక్కువ సాగుతుంది కాబట్టి కింద ప్లేటు కొంచెం అణిగినా బిగింపు మొత్తం పోదు.

చెక్క స్లీపర్ల సంగతి వేరే చెప్పాలి. ఎండకి ఎండిపోయి కుంచించుకుపోతుంది, వానకి ఉబ్బుతుంది, మర స్క్రూ దిగిన చోట రంధ్రం కొన్నాళ్లకి వదులైపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా అది తిరుగుతూనే ఉంటుంది, పట్టదు. రిటార్డర్ కింద అలాంటి స్క్రూలు వద్దే వద్దు, స్లీపర్‌లోంచి ఆరపార దిగే బోల్టు, కింద స్టీల్ ప్లేటు, బోల్టు తల కింద తిరక్కుండా పట్టేసి నట్టు పైకి ఉండాలి, అప్పుడు కంకర తవ్వకుండానే పైనుంచి బిగించొచ్చు. వీలున్న చోట స్టీల్ స్లీపర్లు వేస్తే ఇంకా మంచిది. కింద నీళ్లు నిలిచి నూనె, బ్రేకు పొడి కలిసి బురదైపోతే స్లీపరే ఎగిరెగిరి పడుతుంది, అప్పుడు ఏ బోల్టూ నిలవదు, కాబట్టి డ్రైనేజీ కూడా ఈ పనిలో భాగమే.

తనిఖీ విషయంలో కూడా ఒక మాట. టార్క్ రెంచ్ (నట్టుని ఎంత బలంతో తిప్పామో చూపించే పానా) పెట్టి చూశాం, రీడింగ్ వచ్చింది, అంతా ఓకే అని రిజిస్టర్‌లో రాసేస్తారు. కానీ మనం వేసే టార్క్‌లో 90 శాతం దాకా రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది పదో వంతు మాత్రమే, తుప్పు పట్టిన మర మీద రీడింగ్ ఎంతైనా వస్తుంది, బిగింపు మాత్రం ఉండకపోవచ్చు. నట్టు మీద నుంచి ప్లేటు మీదికి ఒక పెయింట్ గీత గీస్తే తిరిగిందా లేదా అన్నది నడుస్తూ కూడా కనిపిస్తుంది, దానికి పెద్ద ఖర్చేం లేదు. కొత్తగా బిగించాక కొన్ని రోజుల ట్రాఫిక్ నడిచిన తర్వాత మళ్లీ ఒకసారి బిగించడం తప్పనిసరి చెయ్యాలి, మొదట్లోనే ప్లేట్లు సర్దుకుని బిగింపు తగ్గుతుంది కదా. సాగిపోయిన బోల్టుని మళ్లీ వాడకూడదు.

ఇదంతా ఎందుకింత పట్టు అంటారేమో. ఫ్రేమ్ కొంచెం పక్కకి జరిగితే షూ చక్రాన్ని సరిగ్గా పట్టదు, వ్యాగన్ 5కి బదులు 10తో బయటికి వెళ్తుంది, వేగం రెండింతలైతే గుద్దే శక్తి నాలుగింతలు, అక్కడ ఆగి ఉన్న వ్యాగన్ల మధ్య పనిచేస్తున్న మనిషి ఉండొచ్చు, ట్యాంకర్‌లో యాసిడ్ ఉండొచ్చు. రాత్రి వానలో ఆ నట్లు బిగించేది కూడా మనుషులే, ట్రాఫిక్ ఆపకుండా రెండు వ్యాగన్ల మధ్య దొరికిన సందులో బిగించమంటే ఎవరైనా ఎలా సరిగ్గా చేస్తారు? హంప్ ఆపి, గాలితో పనిచేసే రిటార్డర్ అయితే దానిలో గాలి వదిలేసి, లాక్ వేసి, ఆ లైన్‌ని వాళ్లకి అప్పజెప్పాలి, ఆ టైమ్‌ని టైంటేబుల్‌లోనే రాసిపెట్టాలి. కొత్త రిటార్డర్ కొనేటప్పుడు ఎంత బరువు ఆపుతుంది అని మాత్రమే కాకుండా బిగింపు ఎలా చేస్తారు, అడ్డ కదలిక పరీక్ష చేశారా అని కూడా టెండర్‌లో అడగాలి. మీ విలేకరులు రైల్వే అధికారులతో మాట్లాడినప్పుడు ఈ రెండు ప్రశ్నలు వేసి, వాళ్లిచ్చిన జవాబు పేపర్లో వెయ్యమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు