గద్ద ఈకల హక్కును నిబంధనల్లో రాయండి: అమెరికా ఇంటీరియర్ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

అడవులు, వన్యప్రాణులు, ఆదివాసీల వ్యవహారాలు చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువాడిని. ఇక్కడి ఆదివాసీ తెగ లిపాన్ అపాచీల గురించి మీకో విన్నపం.

2006లో మెకాలెన్‌లో జరిగిన పౌవౌకి మీ శాఖ ఏజెంటు ఒకరు వెళ్లారు. పౌవౌ అంటే ఆదివాసీలు డప్పుల మోత మధ్య ఆడుతూ పాడుతూ ప్రార్థించుకునే కూడిక. అక్కడ లిపాన్ అపాచీ పాస్టర్ రాబర్ట్ సోటో దగ్గరున్న గద్ద ఈకలను స్వాధీనం చేసుకున్నారు. కారణం, గద్ద ఈకలు దగ్గర పెట్టుకోవడం ఇక్కడ నేరం; ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం గుర్తించిన తెగల వాళ్లకే మినహాయింపు. ఆయన తెగ ఆ జాబితాలో లేదు. ఈకలు తిరిగి ఆయన చేతికొచ్చేసరికి 2015 అయింది. 2016లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ఆయనకూ, ఆయనతో కలిసి ప్రార్థించే కొన్ని వందల మందికీ ఊరట. గుర్తింపు లేని మిగతా తెగల వాళ్ల మాటేమిటి? ఈకలు దగ్గర దొరికితే మొదటి నేరానికే ఏడాది జైలు, లక్ష డాలర్ల వరకు జరిమానా పడొచ్చు.

1962లో బాల్డ్ ఈగిల్‌తో పాటు గోల్డెన్ ఈగిల్ అనే మరో రకం గద్దను కూడా గద్దల రక్షణ చట్టంలో చేర్చినప్పుడు, ఇండియన్ తెగల మతపరమైన అవసరాలకు మినహాయింపు ఇచ్చారు. ఫెడరల్ గుర్తింపు ఉండాలన్న షరతు ఆ చట్టంలో లేదు. అది మీ శాఖ నిబంధనల్లో వచ్చి చేరింది. ఇంత కఠినమైన ఆంక్ష తప్ప వేరే దారి లేదని ప్రభుత్వం చూపలేకపోయిందని 2014లో సోటో కేసులో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (టెక్సాస్ కేసుల అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు) కూడా చెప్పింది.

సడలిస్తే వేట పెరుగుతుందన్న భయం ఉత్తదేమీ కాదు. మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్ ప్రాంతంలో గద్దలతో సహా వేల పక్షులను చంపారన్న కేసు 2023లో బయటపడింది. అలా చంపి అమ్ముకునేవాళ్లను అస్సలు వదలొద్దు. కానీ గాలిమరల రెక్కలు తగిలి గద్దలు చచ్చిపోయినా కంపెనీల మీద కేసు పడకుండా 30 ఏళ్ల వరకు పర్మిట్ ఇచ్చేలా 2016లో నిబంధన తెచ్చింది మీ శాఖే కదా! కంపెనీకి దొరికిన వెసులుబాటు, రాలిన ఈకను తలలో పెట్టుకుని ప్రార్థించే మనిషికి దొరకకపోవడం అన్యాయం.

మా ఆదిలాబాద్ రాజ్‌గోండులు దీపావళికి నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడతారు. నెమలి భారత జాతీయ పక్షి, చంపితే జైలే. అయినా సహజంగా రాలిన పింఛాన్ని దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం కాదు. 2024 డిసెంబరు నుంచి బాల్డ్ ఈగిల్ కూడా మీ జాతీయ పక్షే.

చనిపోయిన గద్దలను, వాటి ఈకలను సేకరించి తెగలకు పంచే కొలరాడోలోని నేషనల్ ఈగిల్ రిపాజిటరీలో గుర్తింపు ఉన్న తెగల వాళ్లు కూడా గోల్డెన్ ఈగిల్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. మరిన్ని తెగలు వస్తే క్యూ ఇంకా పెరుగుతుందనేది నిజమే. దానికి మార్గం న్యూ మెక్సికోలో జూని తెగ, ఓక్లహోమాలో అయోవా తెగ చూపించాయి. గాయపడి ఇక ఎగరలేని గద్దలను సాకుతూ, అవి రాల్చిన ఈకలను అవసరమైన వాళ్లకు ఇస్తున్నాయి. అలాంటి కేంద్రాలకు నిధులు ఇవ్వండి.

సోటో వేసిన పిటిషన్‌పై మీ శాఖ 2019లో ప్రజాభిప్రాయం కోరింది. అందులో అడిగినట్టు, ఫెడరల్ గుర్తింపు లేని తెగల వాళ్లకూ ఈకల హక్కు ఇచ్చే మార్పును నిబంధనల్లో చేర్చండి.

ఇట్లు,
టెక్సాస్‌లో నివసించే ఒక తెలుగువాడు