ఆవకాయ డబ్బాతో పాటు

రాజమండ్రి,
ఆదివారం

చిరంజీవి వాసుకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, స్వాతి, మిన్ను కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉగాది నాడు ఫోనులో "బాగున్నాం నాన్నా, తర్వాత చేస్తాను" అన్నావు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. పనుల్లో ఉంటావు, నాకు తెలియదా.

పనిగట్టుకుని రాస్తున్న ఉత్తరం కాదిది. ఆవకాయ పంపుతున్నాం, డబ్బాతో పాటు నాలుగు ముక్కలు రాద్దామనిపించింది. ఫోను ఉండగా కాగితమెందుకని నవ్వకు. ఫోనులో నువ్వు ఊ కొడుతూనే ఇంకేదో చూసుకుంటూ ఉంటావు. అది ఇక్కడికి వినిపిస్తుంది.

ఈ ఏడు కాయ కోసం బజారంతా తిరగాల్సి వచ్చింది. మొదటి కాపు గాలివానకు రాలిపోయిందట. చివరికి కొత్తపల్లి కొబ్బరి మామిడే దొరికింది. కాయ పుల్లగా ఉంటే చాలదు, టెంక ముదిరి ఉండాలి. లేకపోతే శ్రావణం నాటికే ముక్క మెత్తబడిపోతుంది. కొట్టేవాడి పక్కనే నిలబడి, ప్రతి ముక్కకూ టెంక ఉండేటట్టు కొట్టించాను. మీ అమ్మ జీడి తీసి, పొర గీకి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచింది. నడుము నొప్పి అంటూనే ఉంటుంది, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వదు. ఆవపిండి, కారం, ఉప్పు ఎప్పటిలాగే మీ నాన్నమ్మ మానికతోనే కొలిచింది, ఉప్పు మాత్రం కాస్త తగ్గించింది. తగ్గించింది నా రక్తపోటు కోసమట. కారం తగ్గించమంటే మాత్రం వినలేదు. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాకే డబ్బాకు ఎత్తింది. తడి గరిటె పెట్టకండి. స్వాతికి తెలుసు, నీకే చెబుతున్నాను.

అన్నట్టు, ముక్కలు తుడిచే రోజున మీ కాంతమత్తయ్య సాయానికని వచ్చింది. సాయం సంగతి సరే. వాళ్ల కోడలు నిన్ను కూకట్‌పల్లి రైతుబజారులో చూసిందట. మంగళవారం, పదకొండు గంటలకు. వంకాయలు ఏరుతున్నావట. పలకరించబోయేసరికి అటు తిరిగి వెళ్లిపోయావట. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయికి దూరం చూపు సరిగా ఆనదు కదా, ఇంకెవరినో చూసి ఉంటుంది అన్నాను. కాంతానికి ఆ మాట నచ్చలేదు. మీ అమ్మ ఏమీ అనలేదు గానీ, తుడిచిన ముక్కలనే మళ్లీ తుడవడం చూశాను.

వంకాయలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కొనేటప్పుడు ముచ్చిక పచ్చగా ఉన్నవి చూడు. సైజుకు తగినంత బరువు లేనివే మంచివి, బరువున్న కాయ నిండా గింజలే ఉంటాయి. చిన్న చిల్లు కనిపించినా పక్కన పెట్టెయ్. మంగళవారాలు మీ ఆఫీసుకు సెలవేమో, నాకు తెలియదు. ఇంటి నుంచి పని చేసే రోజులు కూడా ఉంటాయని పక్కింటి రమణగారు అంటున్నారు. వాళ్ల అబ్బాయికి వారంలో రెండు రోజులు అలాగేనట. నీకూ అలాంటిదే అయి ఉంటుంది.

ఇక్కడ రోహిణి కార్తె ఎండ దంచేస్తోంది. మృగశిర రాకముందే వెనక వసారా పెంకులు సర్దించెయ్యాలని కూర్చున్నాను. నిరుడు వంటింటి మూల ఎలా కారిందో నువ్వు చూశావుగా. గూనపెంకులు ఎక్కి సర్దేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. రేకులు వేసెయ్యండి మాస్టారూ అంటారు. నేను మాస్టారును కాను, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి దిగినవాణ్ని అని ఎంతమందికని చెప్పను? చివరికి కడియం వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఈ వయసులో పైకెక్కి, పగిలిన పెంకులు ఏరి కిందికి అందించాడు. నేను కింద నిలబడి జాగ్రత్త జాగ్రత్త అంటుంటే విసుక్కున్నాడు.

పెంకులు తీస్తుంటే అటక మీది సామాను దించక తప్పలేదు. ఎలుకలు తిన్న పరుపు, నీ క్రికెట్ బ్యాటు, మీ చిట్టత్త పెళ్లినాటి గాజు లాంతరు, చిమ్నీ పగలకుండా. ఇత్తడి కుంచం కూడా దొరికింది. ఎప్పుడో అమ్మేశామనుకున్నాను. చింతపండుతో తోమితే ఎంత మెరిసిందో. నీళ్లు పోసి చూశాను, నాలుగు మానికలు సరిగ్గా పట్టింది, చుక్క తేడా లేదు. ఇనుప వీశ గుండు కూడా ఉంది. వీశంటే కిలోన్నరకు కొంచెం తక్కువ. 1960ల మొదట్లో కిలోలు తప్పనిసరి చేసినా మీ ముత్తాత చాలాకాలం దీనితోనే బెల్లం తూచేవారని చెప్పుకునేవారు. పాత సామాన్లు కొనేవాడొకడు గుమ్మం దగ్గర నిలబడి కుంచానికి మంచి ధర చెప్పాడు. హైదరాబాదులో హోటళ్ల వాళ్లు తీసుకుని పూలకుండీలుగా పెడతారట. ధాన్యం కొలిచిన కుంచంలో ప్లాస్టిక్ పూలు పెడతారా? ఇవ్వనన్నాను. నీకు కావాలంటే నువ్వు తీసుకో. మిన్ను బొమ్మలు వేసుకుంటుంది.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది రేడియో. మర్ఫీ. చెక్కపెట్టె, ముందు బట్ట జాలీ. నువ్వు ఎరిగే నాటికే పాడైపోయింది, మీ నాన్నమ్మ దాని మీద అగరొత్తుల డబ్బా పెట్టుకునేది. వాల్వుల సెట్టు కాబట్టి స్విచ్చి వెయ్యగానే పలికేది కాదు. లోపల వేడెక్కాలి. అద్దం వెనక దీపం వెలిగిన కాసేపటికి విజయవాడ కేంద్రం గొంతు మెల్లగా పైకి వచ్చేది. దానితో పాటు గుడ్డలో చుట్టి ఉన్న లైసెన్సు పుస్తకం దొరికింది. నీకు వింతగా ఉంటుంది, ఆ రోజుల్లో రేడియో వినాలంటే లైసెన్సు ఉండాలి. ఏడాదికి 15 రూపాయలు. పోస్టాఫీసులో కడితే పుస్తకంలో స్టాంపు అంటించి ముద్ర కొట్టేవారు. 1980లలో ఎత్తేశారు. మీ తాతయ్య ఎప్పుడూ గడువు దాటనిచ్చే మనిషి కాదు. పుస్తకమంతా ఏటా ఒకే నెల ముద్ర. 1972ది మాత్రం జూన్.

ఆ జూన్ సంగతి నీకు చెప్పినట్టు లేదు. తాతయ్య అప్పుడు రైసుమిల్లులో గుమస్తా. యజమాని పోయాక కొడుకులు వాటాల దగ్గర తగువుపడి, ఆ సంక్రాంతి వెళ్లగానే మిల్లుకు తాళం వేశారు. తాతయ్య ఇంట్లో చెప్పలేదు. ఉదయం ఎనిమిదింటికి స్నానం, ఉతికిన చొక్కా, క్యారేజీ, సైకిలు. సాయంత్రం ఆరింటికి మళ్లీ ఇల్లు. నెల మొదట్లో కొంత డబ్బు తెచ్చి ఇచ్చేవారు. వేలికి ఉంగరం లేదేమంటే, స్నానం చేస్తుండగా గోదావరిలో జారిపోయిందన్నారు. మేం పిల్లలం గోదావరిలో దిగి వెతికాం కూడా.

జూన్ మొదట్లో లైసెన్సులు చూసే ఇన్‌స్పెక్టరు మా వీధిలోకి వచ్చాడు. వీధి వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎదురింటివాళ్లు రేడియోను బియ్యం బస్తాల వెనక పెట్టి మీద దుప్పటి కప్పారు. మాది వసారాలో బల్ల మీదే ఉంది, ఏరియల్ తీగ దూలానికి కట్టి ఉంది. ఇంక దాచడానికి ఏముంది? ఆయన పుస్తకం తిరగేసి, "ఈ ఏడు కట్టలేదేమమ్మా?" అన్నాడు. నేను గొప్పగా, "మా నాన్నగారు మిల్లులో ఉన్నారు, పిలుచుకురానా?" అన్నాను. మీ నాన్నమ్మ రుబ్బురోలు దగ్గర నుంచి లేవకుండానే, "మిల్లులో ఉండరు. గౌతమీ గ్రంథాలయంలో ఉంటారు, వెళ్లి తీసుకురా. పరుగెత్తకు, ఎండ" అంది.

నాకేమీ అర్థం కాలేదు. వెళ్లాను. ఆయన పేపరు పరుచుకుని కూర్చుని ఉన్నారు. క్యారేజీ బల్ల కింద ఉంది. "ఎవరు చెప్పారురా ఇక్కడున్నానని?" అన్నారు. "అమ్మ" అన్నాను. పేపరు మడిచి దాని చోట పెట్టి, క్యారేజీ తీసుకుని లేచారు. దారి పొడవునా సైకిలు నడిపించుకుంటూనే వచ్చారు, తనూ ఎక్కలేదు, నన్నూ ఎక్కించుకోలేదు. ఇంటికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మీ నాన్నమ్మ పోపులపెట్టెలోంచి డబ్బు తీసి తాతయ్య చేతిలో పెట్టి, "రేపు కట్టేస్తారు బాబూ" అని ఆయనతో చెప్పింది. తాతయ్యతో ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత, నాకు ఉద్యోగం వచ్చాక, నీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. "మిల్లు గుమస్తా చొక్కా జాడిస్తే నీళ్లలో తవుడు తేలాలి. ఆ సంక్రాంతి తర్వాత ఒక్కరోజూ తేలలేదు" అంది. మరి అడగలేదేమని అంటే, "అడిగితే క్యారేజీ పట్టుకెళ్లడానికి సిగ్గుపడి పస్తులుంటారు" అంది. ఆ జూన్‌లోనే ఆవిడ తమ్ముడు తాతయ్యకు సిమెంటు కొట్టులో లెక్కలు రాసే పని చూపించాడు. నోరు విప్పి చెప్పి ఉంటే మాఘమాసంలోనే చూపించేవాడు. నడిచినన్నాళ్లూ సైకిలు అరిగింది, ఉంగరం పోయింది.

రేడియో గురించి చెప్పబోయి ఎక్కడికో వెళ్లాను. ఇప్పుడు చొక్కాలు మెషీన్లు ఉతుకుతున్నాయి, వాటికేం తెలుస్తుంది? ఇంతకీ ఆ వాల్వులు ఎక్కడైనా దొరుకుతాయేమో కోఠీ వైపు వెళ్లినప్పుడు కనుక్కో. తొందరేమీ లేదు. నీకు తీరిక ఉన్న రోజునే.

నీకు నీతులు చెప్పే వయసు దాటిపోయింది, నాకు తెలుసు. కానీ ఒక మాట. మాది సర్కారు ఉద్యోగం, ఒకసారి చేరితే పదవీ విరమణ దాకా కదిలించేవాడు లేడు. మీ ఉద్యోగాలు అలా కాదని పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఒకేసారి ఇన్ని వేలమందిని తీసేశారని రాస్తారు, వాళ్లలో అందరూ పని చేతకానివాళ్లా? కానే కాదు. అందుకే అంటున్నాను, ఇంటి అప్పు వాయిదా ఎంత, చేతిలో ఎన్ని నెలలకు సరిపడా ఉంది అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి, అది స్వాతికి చూపించాలి. కొత్త కారు లాంటివి ఈ ఏడు పెట్టుకోకు. రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందు కూర్చోకు. మనిషికి నిద్ర లేకపోతే చిన్న సంగతి కూడా కొండంత కనిపిస్తుంది. పొద్దున్నే నడువు. టిఫిను మానకు. చూశావా, మొదలుపెడితే ఆపలేను, మీ అమ్మ ఎప్పుడూ అనేది అదే.

పోస్టాఫీసులో నా ఎన్‌ఎస్‌సీ పొదుపు పత్రం గడువు ఈ నెల తీరింది. మళ్లీ వెయ్యాలంటే మనసు రావడం లేదు, ఈ వయసులో ఇంకో అయిదేళ్ల దాకా ఎవరు చూడొచ్చారు? ఊరికే బ్యాంకులో పడి ఉంది. మిన్ను స్కూలు ఫీజు జూన్‌లోనే కదా కట్టేది? తాతయ్య కడితే మనవరాలికి బాగుంటుందని మీ అమ్మ అంటోంది. అది నా మాట కాదు, మీ అమ్మ మాట. స్కూలు వాళ్ల ఖాతా నంబరు పంపు చాలు, ఇంకేమీ రాయనక్కరలేదు. లేదా సెలవులు పూర్తయ్యేదాకా మిన్నును తీసుకుని నువ్వే ఇక్కడికి వచ్చెయ్. స్వాతికి సెలవు దొరక్కపోతే తర్వాత వస్తుంది. వసారా ఇప్పుడు కారదు.

ఆవకాయ డబ్బా రమణగారి అబ్బాయి చేత పంపుతున్నాను. వాడు గురువారం వందే భారత్‌లో సికింద్రాబాదు వస్తున్నాడు. డబ్బా మూత చుట్టూ టేపు వేశాను, మీద పాలిథిన్ సంచి, దాని మీద గుడ్డసంచి. నిలువుగానే పట్టుకోవాలి. పక్క సంచిలో చల్లమిరపకాయలు, గుమ్మడి వడియాలు, స్వాతికి సున్నుండలు. కందిపొడి మాత్రం నీకు. బండి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఆఫీసు వేళ కాబట్టి నీకు కుదరకపోతే ఎవరినైనా పంపు, వాడి నంబరు ఇదివరకే నీకు పంపాను. కుదిరితే నువ్వే రా. వస్తే నేనేమీ అనుకోను.

నాన్న