పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలును సాఫ్ట్‌వేరే కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

మెసేజింగ్ యాప్‌లలో ఏ సందేశాన్నైనా మొదట పంపినది ఎవరో చెప్పగలిగేలా సాఫ్ట్‌వేర్ ఉండాలన్న షరతును 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ నిబంధనల్లో చేర్చింది. దాన్ని సవాలు చేస్తూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఇది కంపెనీలకు, సర్కారుకు మధ్య తగాదాగా కనిపించినా, మాట ఎవరిదో బయటపడుతుందన్న భయం మన పల్లెల్లో ఫిర్యాదు చేసేవారి దాకా ఉంటుంది.

పామిడి దగ్గర పెన్నా ఒడ్డున పొలమున్న ఒక రైతు నాకు తెలుసు. రాత్రిళ్లు ట్రాక్టర్లతో ఏట్లో ఇసుక తోడేస్తుండటంతో బోర్లలో నీళ్లు తగ్గిపోతున్నాయని నిరుడు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకున్నాడు. ఫోన్ నంబరు, ఓటీపీ ఇస్తే తప్ప ఆ అర్జీ ముందుకు కదలలేదు. మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ల యజమాని ఫోన్ చేసి, "ఏమప్పా, మా మింద అర్జీ పెట్టినావంట?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లో అంతకు మించి బెదిరించనక్కర్లేదు. రైతు అర్జీ వెనక్కి తీసుకున్నాడు.

జాతీయ రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే, తన పేరు గోప్యంగా ఉంచమని ఆ ఉత్తరంలోనే వేడుకున్నాడు. అది పేరుతో సహా ఆఫీసుల మధ్య తిరిగింది; 2003 నవంబరులో ఆయన గయలో హత్యకు గురయ్యాడు. హత్య దోపిడీ కోసం జరిగిందని దర్యాప్తు తేల్చినా, గోప్యత కోరినవాడి పేరు బయటపడిందన్నది మాత్రం కాదనలేని నిజం. ఆ తర్వాత 2014లో చేసిన ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం కూడా ఆకాశరామన్న ఉత్తరాన్ని స్వీకరించదు.

పేరు బయటపెట్టబోమన్న హామీ దాన్ని ఇచ్చిన అధికారి బదిలీ అయ్యేదాకానే నిలుస్తుంది. పేరే నమోదు చేసుకోని సాఫ్ట్‌వేర్ దగ్గర బయటపడటానికి ఏమీ ఉండదు. 2016లో అమెరికాలో న్యాయవ్యవస్థ ద్వారా వివరాలు అడిగినప్పుడు, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాళ్లు ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ తప్ప మరేమీ ఇవ్వలేకపోయారు.

ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపే దుర్మార్గుల మాటేమిటని అడిగేవారి ఆవేదన న్యాయమైనదే. అయితే సందేశం అందుకున్న ఫోన్‌లో పంపిన నంబరు ఉంటుంది, ఆధారమూ ఉంటుంది. పోలీసులు అక్కడి నుంచి దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. ఎవరో ఒకరు నేరం చేస్తారని కోట్లమంది మాటలకు ముందే ఆనవాలు కట్టి ఉంచితే, ఆ ఆనవాలు రేపు అధికారం ఎవరి చేతిలో ఉంటే వారికి పనికొస్తుంది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టు పెట్టిన అమ్మాయినే కాక, దాన్ని లైక్ చేసిన అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. అప్పుడు ప్రయోగించిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2015లో.

ఇసుక తవ్విన గుంత ఏట్లో కనబడుతూనే ఉంటుంది. దాన్ని పోయి చూడటానికి, చెప్పిన మనిషి పేరుతో పని లేదు. కాబట్టి ఇసుక, గనులు, రేషన్ బియ్యం అక్రమాలపై వచ్చే అర్జీలను పేరు, ఫోన్ నంబరు అడగకుండా స్వీకరించి, అర్జీ నంబరుతోనే జవాబు తెలుసుకునే ఏర్పాటు చేయాలని, ఇప్పటికే ఉన్న అర్జీదారుల నంబర్లు మండల స్థాయి సిబ్బంది తెరపై కనిపించకుండా చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం