మా నాయన ఇంటికొచ్చాడు, అందరికీ థ్యాంక్స్

మా నాయన నిన్న డిశ్చార్జ్ అయ్యాడు. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా.

కావలిలో జ్వరం, పొడి దగ్గుతో మొదలైంది. ముక్కులో పుల్ల పెట్టి చేసే టెస్టుల్లో కొవిడ్ నెగెటివ్, ఫ్లూ నెగెటివ్. ఆయాసం మాత్రం పెరుగుతూనే ఉంది. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 86 చూసేసరికి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కింటన్న కారు తీసి రాత్రికి రాత్రే నెల్లూరు పొగతోటలోని ఆసుపత్రికి చేర్చాడు.

అక్కడి ఊపిరితిత్తుల డాక్టరమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. సీటీ స్కాన్‌లో రెండు వైపులా మంచు పట్టినట్టున్న మచ్చలు చూపించి, "ఇది వైరస్ లాగే ఉంది, నెగెటివ్ అంటే ముక్కులో దొరకలేదని మాత్రమే" అన్నారు. ఫ్లూ ముందు ముక్కులో, గొంతులో ఉంటుందట, రోజులు గడిచేకొద్దీ పైన తగ్గిపోయినా కింద ఊపిరితిత్తుల్లో ఉండిపోవచ్చట. గళ్ల పట్టిమ్మన్నారు, పొడి దగ్గు కదా, రాలేదు. ఇక బ్రాంకోస్కోపీ. సన్నటి గొట్టం లోపలికి పంపి, కాస్త సెలైన్ వదిలి, మళ్లీ లాగి, ఆ నీళ్లకు వైరస్ జాడ పట్టే పీసీఆర్ టెస్టు చేస్తారు. ఆక్సిజన్ తక్కువున్న మనిషికి అందులో రిస్కుందని, వెంటిలేటర్ దాకా పోవచ్చని దాచకుండా చెప్పి, మా అమ్మకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాకే సంతకం తీసుకున్నారు. అన్నిటికంటే మేలు చేసింది, రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టడం. మొదటి రెండు రోజుల్లో వేస్తేనే బాగా పనిచేస్తుందట, కానీ ఆసుపత్రిలో చేరేంత జబ్బయితే ఆలస్యమైందని మానకూడదన్నారు.

ఊపిరితిత్తుల నీళ్లలో హెచ్1ఎన్1, అదే స్వైన్ ఫ్లూ వైరస్, దొరికింది. బ్యాక్టీరియా ఏమీ లేకపోవడంతో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఆపేశారు, బిల్లూ కొంచెం దిగింది.

ఆదివారమైనా ఐస్ డబ్బాలో శాంపిల్ పెట్టుకుని మెట్ల మీద పరుగెత్తిన ల్యాబ్ తమ్ముడికి, నాయన ఆక్సిజన్ మాస్కు పీకేసినప్పుడల్లా విసుక్కోకుండా "పెద్దాయనా, ఇంకాసేపు" అంటూ మళ్లీ తగిలించిన నైట్ డ్యూటీ సిస్టర్లకు, మా ఇంట్లో గేదెను చూసుకున్న పిన్నమ్మకు చాలా చాలా థ్యాంక్స్.

కారన్నా, డీజిల్ డబ్బులు ఇస్తుంటే తీసుకోవట్లేదు నువ్వు. ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నా, రేపు ఇంటికి తెస్తా, తలుపు తియ్యి.